ఆడ సూపర్‌హీరోల పాత కామిక్స్‌లో మీకు ప్రాణమైన కథ ఏది? మా పిల్లలకు చెప్పాలి

కావలి టీచరమ్మ (కావలి)

అందరికీ నమస్కారం. కావలి దగ్గర ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్తాను. శనివారం చివరి పీరియడ్ మాకు కథల పీరియడ్. పంచతంత్రం అయిపోయింది, తెనాలి రామలింగడు అయిపోయాడు, కాశీమజిలీ కథలు కూడా కొన్ని చెప్పాను. పోయిన వారం ఒక పిల్ల లేచి, "టీచర్, సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కథల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ హీరో కాపాడడానికే ఉంటారా? వాళ్ళకంటూ కథ ఉండదా?" అని అడిగింది. ఎందుకుండదు, ఉంటుంది అన్నాను. "అయితే వచ్చే శనివారం చెప్పండి" అని కూర్చుంది.

మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. మద్రాసు వెళ్ళినప్పుడల్లా మూర్ మార్కెట్లో పాత ఇంగ్లీషు కామిక్స్ కొని తెచ్చేవారు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయేదాకా మా ఇంట్లో అవే పండగ. వాటిలో వండర్ ఉమన్‌వి రెండు, సూపర్‌గర్ల్‌ది ఒకటి నా దగ్గర మిగిలాయి. అట్టలు లేవు, చివరి పేజీలు లేవు. సూపర్‌గర్ల్ కథ ఎట్లా ముగిసిందో నలభై ఏళ్ళుగా నాకు తెలియదు.

సినిమాలు వద్దు, పిల్లలు ఫోన్లలో చూస్తూనే ఉన్నారు. పాత కామిక్స్‌లో మీ మనసులో నిలిచిపోయిన కథ ఒకటి చెప్పండి. నలభై నిమిషాల్లో నోటితో చెప్పగలిగేది కావాలి. ఎందుకు నచ్చిందో కూడా రాయండి, అదే నాకు ముఖ్యం.

ఒంగోలు గిత్త (ఒంగోలు)

టీచర్ గారూ, మొదటి నుంచే మొదలుపెట్టండి. వండర్ ఉమన్ మొదటి కథ. 1941 చివర్లో 'ఆల్ స్టార్ కామిక్స్' 8వ సంచికలో వచ్చింది. 1942 జనవరి తేదీ వేసిన 'సెన్సేషన్ కామిక్స్' మొదటి సంచికతో అట్ట మీదికి ఎక్కింది. రాసింది విలియమ్ మౌల్టన్ మార్‌స్టన్, బొమ్మలు వేసింది హెచ్.జి. పీటర్. మార్‌స్టన్ సైకాలజిస్టు. అబద్ధం చెప్పే మనిషి రక్తపోటు ఎట్లా మారుతుందో పరీక్షలు చేసిన వ్యక్తి. లై డిటెక్టర్ పుట్టుకలో ఆయన పనికీ భాగం ఉంది. వండర్ ఉమన్ తాడు వేసి కడితే అవతలివాడు ఆమె మాట వినాల్సిందే, అబద్ధం ఆడలేడు. ఆ తాడు ఎవరి బుర్రలోంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా!

కథ చెప్పడానికి చాలా బాగుంటుంది. అందరూ ఆడవాళ్ళే ఉండే ద్వీపం. విమానం కూలి స్టీవ్ ట్రెవర్ అనే సైనికుడు అక్కడ పడతాడు. అతన్ని వెనక్కి తీసుకెళ్ళి, బయటి లోకంలో జరుగుతున్న యుద్ధంలో సాయపడడానికి ద్వీపంలో అందరికన్నా బలమైన మనిషిని పంపాలి. రాణి హిప్పోలిటా పోటీలు పెడుతుంది. కూతురు డయానాను మాత్రం పోటీకి రావద్దంటుంది, గెలిస్తే వెళ్ళిపోతుందని భయం. డయానా ముసుగు వేసుకుని వస్తుంది. ఆఖరి పరీక్షలో తుపాకీ గుళ్ళను చేతి కడియాలతో ఆపాలి. గెలిచినామె ముసుగు తీస్తుంది. రాణి తను పెట్టిన పోటీకి తనే కట్టుబడి కూతుర్ని పంపాలి.

మా చెల్లెలి కూతురికి చెప్పినప్పుడు ముసుగు తీసే దగ్గర ఆపాను. "నాకు తెలుసు మామా, కూతురే" అంది. తర్వాత కాసేపు ఊరుకుని, "వాళ్ళమ్మ ఏడ్చిందా?" అని అడిగింది. నాకు బాగా నచ్చిన జవాబు ఆ ప్రశ్నే. నేను ఇన్నేళ్ళూ గెలిచిన కూతుర్నే చూశాను గాని, ఆ తల్లిని చూడలేదు.

పలకాబలపం (మార్కాపురం)

గిత్త అన్న చెప్పింది చెప్పండి టీచర్. మార్‌స్టన్ చనిపోయింది 1947లో. అంతవరకూ వచ్చిన కథలే నా దృష్టిలో అసలైనవి. 1943లో వచ్చిన 'వండర్ ఉమన్' 7వ సంచికలో వెయ్యేళ్ళ తర్వాత లోకం చూపిస్తారు, అందులో డయానా అమెరికాకు ప్రెసిడెంట్ అవుతుంది. 1943లో రాసిన మాట అది!

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ యుద్ధకాలం కథల్లో జపాన్ వాళ్ళను చాలా అసహ్యంగా గీశారు. ప్రతి రెండో కథలో గొలుసులు, కట్లు కూడా ఎక్కువ. పుస్తకం పిల్లల చేతికి ఇవ్వకుండా మీరు చెప్పడమే మంచిది.

కందుకూరు కుర్రోడు (కందుకూరు)

అదే కాలంలో ఇంకో సంగతి కూడా ఉంది. జస్టిస్ సొసైటీ అని హీరోల గుంపు. వండర్ ఉమన్‌ను అందులో చేర్చుకుని ఏం చేశారో తెలుసా? సెక్రటరీని చేశారు. మగవాళ్ళు యుద్ధానికి పోతే ఆమె ఆఫీసులో మీటింగు రాతలు రాసుకుంటూ ఉండాలి. ద్వీపంలో అందరినీ ఓడించి వచ్చిన మనిషి! ఆ గుంపు కథలు రాసింది మార్‌స్టన్ కాదు. ఒకే మనిషి ఒక పుస్తకంలో ప్రెసిడెంట్, ఇంకో పుస్తకంలో గుమాస్తా. ఎవరు రాస్తున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఇక నా ఓటు సూపర్‌గర్ల్‌కి. టీచర్ గారి పుస్తకం ఏదో చెప్తే ముగింపు నేను చెప్తాను.

కావలి టీచరమ్మ

నాయనా, ఎంత మంచి మాట చెప్పావు! మొదటి పేజీ చిరిగింది కాబట్టి నంబరు తెలియదు. అనాథాశ్రమంలో రెండు జడల విగ్గు పెట్టుకుని దాక్కునే పిల్ల తర్వాత ఒక ఇంటికి పెంపుడు కూతురుగా వెళ్తుంది. సూపర్‌మ్యాన్ ఆమెను అందరికీ చూపిస్తానంటాడు. అక్కడితో నా పుస్తకం ఆగిపోయింది.

కందుకూరు కుర్రోడు

అమ్మా, అది 1962 ఫిబ్రవరి 'యాక్షన్ కామిక్స్' 285. ముగింపు చెప్తాను, ముందు వెనకటి కథ.

సూపర్‌గర్ల్ 1959 మే నెల 252వ సంచికలో వచ్చింది. రాసింది ఆటో బైండర్, బొమ్మలు ఆల్ ప్లాస్టినో. సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం క్రిప్టాన్ పేలిపోయినప్పుడు ఒక ఊరు మాత్రం ముక్కగా తెగి బతికి బయటపడుతుంది, ఆర్గో సిటీ. ఆ ఊరు కూడా చచ్చిపోతున్నప్పుడు తల్లిదండ్రులు కూతురు కారాను రాకెట్లో భూమికి పంపిస్తారు. దిగగానే ఎదురుగా సూపర్‌మ్యాన్, తన పెదనాన్న కొడుకు. మనమైతే ఏం చేస్తాం? ఇంటికి తీసుకెళ్ళి ముందు అన్నం పెడతాం. ఆయన మాత్రం పిల్లకు విగ్గు పెట్టి లిండా లీ అని పేరు మార్చి అనాథాశ్రమంలో చేర్పించాడు. నువ్వు ఉన్నావని ఎవరికీ తెలియకూడదు, నాకు రహస్య ఆయుధంగా ఉండాలి అన్నాడు. పదిహేనేళ్ళ పిల్ల, కొండల్ని ఎత్తగలదు, అయినా ఎవరైనా దత్తత తీసుకోవడానికి వచ్చినప్పుడు వాళ్ళకు నచ్చకుండా చూసుకోవాలి. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఈ సంగతే. దాదాపు మూడేళ్ళు నెలనెలా అట్లాగే నడిచింది. ఊరికి మేలు చేస్తుంది, ఆ పేరు ఇంకెవరికో పోతుంది.

చివరకు డాన్వర్స్ దంపతులు పెంచుకుంటారు. 285లో ఆమె వాళ్ళకు నిజం చెప్తుంది. సూపర్‌మ్యాన్ టీవీలో లోకానికంతటికీ పరిచయం చేస్తాడు. వీధుల్లో జనం, ఊరేగింపులు, ప్రెసిడెంట్ కెనడీ కూడా కలుస్తాడు. బొమ్మలు వేసిన జిమ్ మూనీ ఆ సంబరం గీసిన తీరు చూస్తే మన ఊళ్ళో బ్రహ్మోత్సవం గుర్తొస్తుంది. మీ పుస్తకంలో లేని పేజీలు ఇవేనమ్మా.

కావలి టీచరమ్మ

చదువుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా నాన్న ఉన్నప్పుడు రోజూ అన్నాల దగ్గర ఊహించుకునేవాళ్ళం. ఆయన ఏమో, "దాక్కునే ఉంటుందిలే, పాపం" అనేవారు. నేను కాదు, అందరికీ తెలుస్తుంది అనేదాన్ని. నేనే నెగ్గాను అన్నమాట.

చీరాల మగ్గం (చీరాల, పాత ప్రకాశం)

285 సంబరం చెప్పి 1985 చెప్పకపోతే ఎట్లా? 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' 7వ సంచికలో సూపర్‌గర్ల్ చచ్చిపోతుంది. సూపర్‌మ్యాన్ ఆమె శవాన్ని ఎత్తుకుని ఏడుస్తున్న ఆ అట్ట కామిక్స్ చదివినవాళ్ళు ఎవరూ మర్చిపోరు. గీసింది జార్జ్ పెరెజ్, రాసింది మార్వ్ వుల్ఫ్‌మన్. అన్న ఓడిపోతుంటే ఈమె అడ్డుపడి ప్రాణం ఇస్తుంది.

నాకు ప్రాణమైనది మాత్రం 'డార్క్ ఫీనిక్స్' కథ. 1980, ఎక్స్-మెన్ అనే సూపర్‌హీరోల జట్టు కామిక్, 129 నుంచి 138వ సంచిక వరకు. రాసింది క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు జాన్ బర్న్. జీన్ గ్రే అనే నెమ్మదైన అమ్మాయి అంతులేని శక్తి చేతికొచ్చి, మోసగాళ్ళ చేతిలో పడి మతి తప్పుతుంది. ఆకలేసి ఒక నక్షత్రాన్ని మింగుతుంది. దాని చుట్టూ తిరిగే లోకంలో 500 కోట్ల ప్రాణాలు పోతాయి. చివరికి 137లో, చంద్రుడి మీద, మళ్ళీ ఆ శక్తి తనను లొంగదీసుకోకముందే తన ప్రాణం తనే తీసుకుంటుంది. పక్కన ప్రేమించినవాడు నిలబడి ఉంటాడు, ఆపలేడు. ఇంతకన్నా పెద్ద కథ కామిక్స్‌లో రాలేదు. నాకు పదిహేడేళ్ళప్పుడు చదివాను, ఆ రాత్రి నిద్రపోలేదు.

లైబ్రరీ అక్క (నెల్లూరు)

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండు కథల్లోనూ ఆమె చచ్చిపోతుంది. పదమూడేళ్ళ ఆడపిల్లలకు అవి ఎందుకు చెప్పాలి?

డార్క్ ఫీనిక్స్ గొప్పగా రాసిన కథే, ఒప్పుకుంటాను. కానీ ఆ ముగింపు రాసినవాళ్ళు అనుకున్నది కాదు. మొదట జీన్ బతికే ఉండాలి, శక్తులు మాత్రం తీసేస్తారు. అప్పటి ముఖ్య సంపాదకుడు జిమ్ షూటర్ అన్ని ప్రాణాలు తీసినదానికి ఆ శిక్ష చాలదన్నాడు. అప్పుడు మార్చారు. పాత ముగింపును 1984లో విడిగా అచ్చువేశారు. నేను రెండూ చదివాను. ఆ మొదటి ముగింపులో జీన్ మామూలు మనిషిగా, చేసిన పని గుర్తుంచుకుని, బతకాలి. నాకు అదే కష్టమైన శిక్ష అనిపించింది, నిజమైన కథ కూడా.

ఇంకో మాట. 1999లో గెయిల్ సిమోన్ అనే ఆమె కామిక్స్‌లో చంపిన, పాడుచేసిన, శక్తులు లాగేసిన ఆడవాళ్ళ పేర్లతో ఒక పట్టీ తయారుచేసి నెట్లో పెట్టింది. చాలా పొడవు పట్టీ. తర్వాత ఆమే కామిక్స్ రచయిత్రి అయింది. ఆ పట్టీ చదివాక నేను పాత కథలు ఇదివరకటిలా చదవలేకపోయాను.

చీరాల మగ్గం

అక్కా, మీ మాట కాదనను. కానీ ఆమెను ఎవరో చంపలేదు. నిర్ణయం తనది. ద్రౌపది కథ ఏడుపు ఉందని చెప్పకుండా ఉంటామా?

లైబ్రరీ అక్క

ద్రౌపది బతికి, జుట్టు ముడుచుకునే రోజు దాకా చూసింది తమ్ముడూ.

పలకాబలపం

అయినా జీన్‌ను 1986లో తిరిగి తెచ్చారు కదా. చచ్చింది ఆమె కాదు, ఆమె రూపం తీసుకున్న శక్తి, అసలామె సముద్రపు అడుగున గూడులో ఉంది అని. నాకు అది నచ్చలేదు. చంపితే చంపాలి, బతికిస్తే బతికించాలి.

అమ్మలగన్నమ్మ (ఆత్మకూరు)

నేను కామిక్స్ చదవను, మా అబ్బాయి చదువుతుంటే ఇది చూశాను. ఒక్క మాట చెప్పొచ్చా? మనకు సత్యభామ ఉంది కదా. పోతన గారి భాగవతం దశమ స్కంధంలో నరకాసురుడి మీద ఆమె బాణాలు వేస్తుంటే కృష్ణుడు పక్కన కూర్చుని చూస్తాడు. అటు తిరిగి శత్రువు మీద కోపం, ఇటు తిరిగి భర్త మీద నవ్వు, ఒకే ముఖంలో. ఇంతకన్నా ఏం కావాలి? పరాయి దేశం కథలు ఎందుకని కాదు, మనదాన్నీ పక్కన పెట్టి చెప్పండి.

ఒంగోలు గిత్త

అమ్మా, చాలా బాగా చెప్పారు. మా ఇంట్లో దీపావళికి మా నాయనమ్మ ఆ పద్యాలు పాడేది. టీచర్ గారూ, రెండూ కలిపి చెప్పండి. అక్కడ ముసుగు తీసి నిలబడిన కూతురు, ఇక్కడ కొప్పు ముడిచి, కొంగు బిగించి విల్లు ఎత్తిన భార్య. పిల్లలు పోల్చుకుంటారు.

లైబ్రరీ అక్క

నా ఓటు చెప్పకుండా పోట్లాడాను. నాది బ్యాట్‌గర్ల్. 1967 జనవరి 'డిటెక్టివ్ కామిక్స్' 359. గార్డ్‌నర్ ఫాక్స్ రాశాడు, కార్మైన్ ఇన్ఫాంటినో బొమ్మలు. బార్బరా గోర్డన్ పోలీస్ కమిషనర్ కూతురు, పెద్ద చదువు చదివి డాక్టరేట్ తెచ్చుకుని గోథమ్ లైబ్రరీలో పనిచేస్తుంది. వేషాల పార్టీకి సరదాగా బ్యాట్‌మ్యాన్ లాంటి దుస్తులు కుట్టుకుని బయలుదేరుతుంది. దారిలో బ్రూస్ వేన్‌ను (బ్యాట్‌మ్యాన్ అసలు పేరు అదే) కిల్లర్ మాత్ అనే దొంగ ఎత్తుకుపోతుంటే ఆ దుస్తుల్లోనే దూకుతుంది. ఎవరూ ఆమెను పిలవలేదు, శక్తి ఇవ్వలేదు. లైబ్రరీలో ఉద్యోగం, ఒళ్ళు వంచి చేసిన కసరత్తు, అంతే. లైబ్రరీలో పనిచేసే దాన్ని, నాకు ఎంత గర్వంగా ఉంటుందో మీరే అనుకోండి.

1972లో తండ్రికి నిజం చెప్పి, ఎన్నికల్లో నిలబడి గెలిచి వాషింగ్టన్ వెళ్తుంది. ఆ మూడు సంచికలు కూడా బాగుంటాయి.

పొదిలి నెట్ సెంటర్ (పొదిలి)

అక్క బ్యాట్‌గర్ల్ దగ్గర ఆపేసింది. మిగతా సగం నేను చెప్తాను, అది నా కథ కాబట్టి.

1988లో వచ్చిన ఒక బ్యాట్‌మ్యాన్ పుస్తకంలో జోకర్ అనే దుర్మార్గుడు బార్బరాను తుపాకీతో కాలుస్తాడు. వెన్ను దెబ్బతిని కాళ్ళు పోతాయి. ఆ పుస్తకం పిల్లలకు వద్దు. అందులో ఆమె బాధ తండ్రిని ఏడిపించడానికే వాడుకున్నారు, ఆమె ఏమనుకుందో ఎవరూ రాయలేదు. జాన్ ఆస్ట్రాండర్, ఆయన భార్య కిమ్ యేల్ దాన్ని అట్లా వదలలేదు. 1989 మొదట్లో 'సూసైడ్ స్క్వాడ్' 23లో కంప్యూటర్‌లోంచి ఎవరో సాయం చేస్తారు, పేరు ఒరాకిల్. ఎవరో తెలియదు. తర్వాత సంవత్సరం బయటపడుతుంది, బార్బరా అని. చక్రాల కుర్చీలో కూర్చుని, లైబ్రరీలో నేర్చిన వెతుకులాటతో, హీరోలందరికీ సమాచారం ఇచ్చే మనిషి అయింది. బ్యాట్‌మ్యాన్ కూడా ఆమెనే అడగాలి. 1996లో వాళ్ళిద్దరే 'బ్యాట్‌మ్యాన్ క్రానికల్స్' 5లో ఆ మధ్య కాలం కథ రాశారు. మంచం మీద నుంచి లేవడానికి కూడా ఇష్టపడని రోజుల నుంచి ఆ పేరు పెట్టుకున్న రోజు దాకా.

నాకు రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. మూడు చక్రాల బండి మీద బడికి వెళ్ళాను. ఇప్పుడు నెట్ సెంటర్ నడుపుతున్నాను. మా ఊళ్ళో పింఛను అర్జీ అయినా, హాల్‌టికెట్ అయినా నా కుర్చీ దగ్గరికే రావాలి. ఆ కథ నాకు 2004లో హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో దొరికింది. కొన్న తమ్ముడు, "అన్నా, ఇది నీ బొమ్మే" అన్నాడు. టీచర్ గారూ, మీ క్లాసులో కాళ్ళు సరిగా లేని పిల్లలు ఎవరైనా ఉంటే ఇది తప్పకుండా చెప్పండి. లేకపోయినా చెప్పండి.

కావలి టీచరమ్మ

ఒక పిల్ల ఉంది బాబూ. చెప్తాను.

మైపాడు అల (మైపాడు, నెల్లూరు)

రెండు రోజుల నుంచి చదువుతున్నాను, ఇంతవరకు ఎవరూ స్టార్మ్ పేరు ఎత్తలేదు. అందుకే రాస్తున్నాను.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాకు తొమ్మిదేళ్ళు. అప్పుడు మేము కావలి పక్కన పల్లెలో ఉన్నాం. రాత్రి పెంకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే అమ్మ నన్నూ తమ్ముణ్ణీ వంటగదిలో కూర్చోబెట్టింది. వేపచెట్టు విరిగి తలుపు మీద పడింది. తెల్లారి ఎవరో వచ్చి కొమ్మలు నరికేదాకా ఆ చీకటి గదిలోనే ఉన్నాం. ఇప్పటికీ నేను లిఫ్ట్ ఎక్కను. మూడంతస్తులైనా మెట్లే.

ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఒకమ్మాయి ఎక్స్-మెన్ పుస్తకాలు తెచ్చింది. స్టార్మ్ 1975లో వచ్చింది. అసలు పేరు ఒరోరో, గాలినీ వాననూ పిలిస్తే వస్తాయి. ఆఫ్రికాలో జనం ఆమెను దేవతగా కొలుస్తారు. అంతవరకు నాకు మామూలుగానే ఉంది. 102వ సంచికలో రాళ్ళ కింద చిక్కుకుని ఆమె ఒళ్ళంతా వణికిపోతుంది. ఎందుకంటే చిన్నప్పుడు కైరోలో వాళ్ళ ఇల్లు కూలి, చనిపోయిన తల్లి పక్కనే శిథిలాల కింద ఉండిపోయింది. పిడుగుల్ని పిలిచే మనిషికి మూసిన గది అంటే భయం! పుస్తకం మూసి కాసేపు బయట నిలబడ్డాను. నా భయానికి ఒక పేరు ఉందని, అది ఉన్నా పెద్దపనులు చేయొచ్చని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే.

నా కథ మాత్రం 102 కాదు. 1984లో 185వ సంచికలో ఒక ఆయుధం తగిలి ఆమె శక్తి మొత్తం పోతుంది. 186లో బ్యారీ విండ్సర్-స్మిత్ బొమ్మలతో ఆ దుఃఖం ఉంది, గాలి తన మాట వినడం మానేసిన మనిషి దుఃఖం. తర్వాత 1986 జనవరి తేదీతో 201. ఎక్స్-మెన్‌కు నాయకుడు ఎవరు అని తగవు. సైక్లాప్స్ మొదటి నుంచి నాయకుడు, కళ్ళలోంచి కిరణాలు వదులుతాడు, అప్పుడే కొడుకు పుట్టాడు, అయినా పదవి వదలడు. స్టార్మ్ చేతిలో ఏమీ లేదు. ఇద్దరూ పందెం వేసుకుని సాధన గదిలో తలపడతారు. అతను కిరణాలు వదులుతాడు, ఆమె నక్కి, దూకి, అతని కళ్ళద్దం లాగేసి గెలుస్తుంది. శక్తి లేని ఆడమనిషి శక్తి ఉన్న జట్టుకు నాయకురాలు అవుతుంది.

చదువుతున్నంతసేపూ నాకు టెన్షన్. ఆమె గెలిచినప్పుడు హాస్టల్లో గట్టిగా అరిచాను.

లైబ్రరీ అక్క

ఇదే చెప్పండి టీచర్. నా బ్యాట్‌గర్ల్‌ను ఇంకో వారం పెట్టుకోండి.

కొండపి అన్న (కొండపి)

శక్తి పోయిన కథ అంటే 1968 వండర్ ఉమన్ కూడా ఉంది. రాసింది డెన్నిస్ ఓ'నీల్, బొమ్మలు మైక్ సెకోవ్‌స్కీ. 179వ సంచికలో డయానా శక్తులు వదిలేసి మామూలు మనిషి అవుతుంది, బట్టల షాపు పెడుతుంది, చూపులేని ఒక గురువు దగ్గర కుస్తీ విద్యలు నేర్చుకుంటుంది. నాకు చాలా ఇష్టం ఆ కథలు. అమెరికాలో ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాడిన గ్లోరియా స్టైనెమ్‌కు మాత్రం కోపం వచ్చింది, ఉన్న ఒక్క బలమైన ఆడ హీరో బలం కూడా తీసేశారని. 1972 జూలైలో ఆమె పత్రిక 'మిస్' మొదటి సంచిక అట్ట మీద నడివీధిలో కొండంత వండర్ ఉమన్‌ను పాత దుస్తుల్లో వేశారు. మరుసటి ఏడాది శక్తులు తిరిగి ఇచ్చేశారు.

మైపాడు అల

అన్నా, రెండిటికీ తేడా ఉంది. డయానా మామూలు మనిషి అయ్యాక కథే చిన్నదైంది. స్టార్మ్ శక్తి పోయాక ఆమె కుర్చీ పెద్దదైంది.

కొండపి అన్న

ఆ మాట నిజమే. నేను బొమ్మలకు పడిపోయాను. ఆ బట్టలు, ఆ కొట్లాటలు అంత అందంగా ఉంటాయి. టీచర్ గారికి స్టార్మ్ మంచిది.

కలిగిరి చెరువు (కలిగిరి)

మాది నెల్లూరు జిల్లా దూబగుంట పక్క ఊరు. మీరందరూ శక్తి లేకుండా గెలిచిన ఆడవాళ్ళ గురించి రాస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

90ల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి పూట లాంతరు పెట్టుకుని ఆడవాళ్ళు చదువుకునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. సారా తాగే మొగుడి వల్ల నలిగిపోయిన సీతమ్మ కథ. అది చదివి దూబగుంట ఆడవాళ్ళు, రోసమ్మ ముందుండి నడిపిస్తే, ఊళ్ళోకి సారా రానివ్వకుండా చేశారు. ఆ గెలుపును మళ్ళీ 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఇంకో పాఠంగా వేశారు. ఆ పాఠం చదివిన ఊరల్లా లేచింది. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995 జనవరిలో మొత్తం మద్యం మీదే నిషేధం.

మా అమ్మ ఆ పాఠం కూడబలుక్కుని చదవడం నాకు గుర్తుంది. 'ఏ' తర్వాత 'క', 'ఏక' అనుకుంటూ వేలు పెట్టి. తర్వాత నెలకు ఆమె చీపురు పట్టుకుని సారా బండి ముందు నిలబడింది. మా ఊళ్ళో ఒక కథ చదివి జనం మారడం నేను కళ్ళతో చూశాను. టీచర్ గారూ, మీరు ఏ కథ చెప్పినా పిల్లలు దాన్ని ఊరికే వినరు.

ఒంగోలు గిత్త

అన్నా, చేతులెత్తి దండం మీ అమ్మగారికి.

అమ్మలగన్నమ్మ

మా ఆత్మకూరు పక్కన కూడా ఆ రోజుల్లో వెళ్ళాం నాయనా. నేనూ ఉన్నాను.

కావలి టీచరమ్మ

శనివారం అయిపోయింది. వచ్చి రాస్తానన్నాను, రాస్తున్నాను.

స్టార్మ్ 201 చెప్పాను. ముందు తుఫాను రాత్రి చెప్పాను, మైపాడు తల్లి రాసినట్టే, పేరు లేకుండా. మా పిల్లల్లో చాలామంది సముద్రం ఒడ్డు ఊళ్ళ వాళ్ళు, తుఫాను అంటే నేను వివరించక్కర్లేదు. తర్వాత ఒరోరో చిన్నతనం, శక్తి పోవడం, ఆఖరున పందెం. సుద్దముక్కతో బోర్డు మీద సాధన గది గీశాను. కళ్ళద్దం లాగే దగ్గర నేను ఆపలేదు, పిల్లలే ఆపారు. "ఆగండి టీచర్, ఆమెకు శక్తి లేదు కదా, మళ్ళీ చెప్పండి" అన్నారు. రెండుసార్లు చెప్పాను.

ప్రశ్న అడిగిన పిల్ల ఈసారి ఏమీ అడగలేదు. గంట కొట్టాక వచ్చి, "శక్తి తిరిగి వచ్చిందా?" అంది. 1988లో 226వ సంచికలో వచ్చిందని కందుకూరు బాబు రాత్రే ఫోన్‌లో చెప్పి ఉన్నాడు కాబట్టి వచ్చింది అన్నాను. "వచ్చాక కూడా నాయకురాలు ఆమేనా?" అంది. ఆమే అన్నాను. తల ఊపి వెళ్ళిపోయింది.

పొదిలి బాబు చెప్పిన ఒరాకిల్ కథ వచ్చే నెల అనుకున్నాను. నేను చెప్పిన పిల్ల పేరు రాయను. ఆమె ముందు బెంచీలో కూర్చుంటుంది. ఆ కథ ముందు ఆమెకు ఒక్కదానికే చెప్పి, క్లాసులో చెప్పనా అని అడగాలనుంది. అది సరైన పద్ధతో కాదో మీరు చెప్పండి.

పొదిలి నెట్ సెంటర్

సరైన పద్ధతే మేడమ్. నన్ను మా మాస్టారు అడగకుండా అందరి ముందు నిలబెట్టి ఆదర్శం అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్ళి ఏడ్చాను. మీరు అడగండి. వద్దంటే లైబ్రరీ అక్క చెప్పిన 1967 కథ చెప్పండి, కాళ్ళు ఉన్న బార్బరా కథ. కావాలంటే ఆ పాపనే చెప్పమనండి.

కావలి టీచరమ్మ

అట్లాగే చేస్తాను బాబూ.

వచ్చే శనివారం సూపర్‌గర్ల్ 285. ఇది నాకోసం కూడా. కందుకూరు బాబూ, ఆ ఊరేగింపు పేజీ నీ దగ్గర ఉంటే ఫోటో తీసి ఇక్కడ పెట్టు. మా నాన్న పుస్తకం చివర అతికిస్తాను.

కందుకూరు కుర్రోడు

ఫోటో ఎందుకమ్మా. ఆదివారం కావలి వస్తున్నాను, పుస్తకమే తెస్తాను. బస్టాండు దగ్గర కలుద్దాం.